గట్టి ఒంటికీ ఫంగస్

పేగుల్లో ఫంగస్ గురించి మాట్లాడమని పిలిచారు. ఫంగస్ అంటే ఏమిటో చెబుతూ కూర్చోను. 2021 వేసవిలో ‘బ్లాక్ ఫంగస్’ పుణ్యమా అని ఆ పాఠం ఇంటింటికీ అందింది. అందింది గానీ సగమే తలకెక్కింది. షుగరు అదుపు తప్పినవాళ్లకీ, కోవిడ్‌కి స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లకీ అప్పుడు మ్యూకర్ అనే ఆ ఫంగస్ సోకిన మాట నిజం. దాన్ని పట్టుకుని, ఒంట్లో సత్తువ ఉన్నవాడి జోలికి ఫంగస్ రాదని మనమొక సూత్రం అల్లుకున్నాం. ఆ సూత్రం తప్పు. దాన్ని రోగి నమ్మితే కొంత నష్టం, వైద్యుడు నమ్మితే పెద్ద నష్టం. ఈ సాయంత్రం నా వాదన ఇదొక్కటే.

బాసిడియోబోలస్ రానరమ్ అనే ఫంగస్ సంగతే తీసుకోండి. 1886లో ఐడాం అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని కప్పల మలంలో గుర్తించాడు. కప్ప, బల్లి, గబ్బిలం లాంటి జీవుల పేగుల్లో ఇది వాటికి ఏ హానీ చేయకుండా బతుకుతుంది. మట్టిలోనూ, కుళ్లిన ఆకుల్లోనూ ఉంటుంది. మనుషుల్లో మొదట 1956లో ఇండోనేషియాలో, చర్మం కింద గట్టి వాపుగా కనిపించింది. ఆ చర్మవ్యాధి మన దక్షిణాదికీ కొత్తేమీ కాదు. పేగుల్లో ఉన్నట్టు బయటపడింది 1964లో, నైజీరియాలో ఒక చిన్న పిల్లవాడిలో. తర్వాత 1994–99 మధ్య అమెరికాలోని అరిజోనాలో 7 కేసులు తేలాయి. సౌదీ అరేబియాలోని అసీర్ ప్రాంతం నుంచీ, ఇరాన్ నుంచీ మరెన్నో వచ్చాయి. మన దేశం నుంచీ వచ్చాయి. ఈ రోగుల్లో ఎక్కువమంది అంతకుముందు శుభ్రంగా తిని తిరిగినవాళ్లే.

‘ఏదో లోపం లోపల దాగి ఉంటుందిలెండి’ అంటారు కొందరు. పేగు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది. ఫంగస్ పోగుల చుట్టూ ఎర్రటి తొడుగు, దాని చుట్టూ గుంపులు గుంపులుగా ఈసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు కనిపిస్తాయి. చేతులెత్తేసిన శరీరం చేసే పని కాదది. కడుపులో చేతికి తగిలే గడ్డలో పెద్ద భాగం శరీరం చేస్తున్న యుద్ధమే. ఇలాంటి రోగికి ‘ఇమ్యూనిటీ పెంచే’ కషాయం పట్టించడంలో అర్థమేముందో అమ్మేవాళ్లనే అడగండి!

ఇక ఈ ఫంగస్‌ను పేగుల్లో మోసే బల్లి సంగతి. ముందు వరసలో నవ్వుతున్నారు, నవ్వండి. సాంబారులో బల్లి పడిందనీ, హాస్టల్ పిల్లలు ఆసుపత్రి పాలయ్యారనీ ఏటా వార్తలు చదువుతూనే ఉన్నాం. మన ఇంటి బల్లికి విషం లేదు. కోరల్లో లేదు, తోలులో లేదు, తోకలోనూ లేదు. పిల్లలు వాంతులు చేసుకుంటే వంటలో చేరిన బ్యాక్టీరియా కారణం కావచ్చు, చూసిన భయమే కారణం కావచ్చు. బల్లి మీద పడితే దోషమనుకునేవాళ్లు కంచి వెళ్లి బంగారు బల్లిని తాకి రండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ విషం అనే మాట మాత్రం వదిలేయండి. తమాషా ఏమిటంటే, సాంబారులో చచ్చిన బల్లిని చూసి కెవ్వున అరిచే మనం, మూత పెట్టని గిన్నె మీద బతికున్న బల్లి వేసిన రెట్టను గోటితో తీసేసి తినేస్తాం. మరిగిన పులుసు కంటే అనుమానించాల్సింది దాన్నే. బాసిడియోబోలస్ ఉండేది ఆ రెట్టలో. అది మట్టితోనో తిండితోనో నోట్లోకి వెళ్లడమే దారి అని వైద్యులు భావిస్తున్నారు. అలాగని కర్ర పట్టుకుని బల్లుల వెంట పడకండి. బల్లి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ జబ్బు ఉంటే ఈ పాటికి ఊళ్లు ఖాళీ అయ్యేవి. గిన్నె మీద మూత పెట్టండి, చేతులు కడుక్కోండి, చాలు. ఒకరి నుంచి ఒకరికి ఇది అంటుకోదు కూడా.

టైమైందని అధ్యక్షులవారు చూస్తున్నారు, తొందరగా చెప్పేస్తాను. ‘ఇంత అరుదైన జబ్బుకి ఇంత గొడవెందుకు?’ అనే ప్రశ్న మిగిలింది. ఎందుకంటే ఇది సొంత వేషంలో రాదు. కడుపునొప్పి, జ్వరం, గడ్డ. స్కానింగులో చూస్తే పెద్దపేగు క్యాన్సర్‌లా ఉంటుంది, లేదా క్రోన్స్ అనే పేగు జబ్బులా, పిల్లల్లో అపెండిక్స్ వాపులా. మన దగ్గరైతే పేగు టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు నడుస్తాయి. రక్తంలో ఈసినోఫిల్స్ పెరిగి ఉంటాయి, నిజమే. కానీ దానికి మనం నులిపురుగుల మాత్ర ఇచ్చి పంపేస్తాం. ఆపరేషన్‌లో తీసిన ముక్కనంతా ఫార్మలిన్‌లో వేస్తే ఫంగస్ చచ్చిపోతుంది, ఇక కల్చర్‌లో పెరగదు. పోగులు వెడల్పుగా ఉన్నాయని మ్యూకర్ అని రాసేసే ప్రమాదమూ ఉంది. మ్యూకర్‌కి ముందుగా ఇచ్చే ఆంఫోటెరిసిన్ దీని మీద చాలాసార్లు పనిచేయదు. ఇట్రాకొనజోల్ లాంటి మాత్రలు నెలల తరబడి వాడితే, అవసరమైన చోట గడ్డ తీసేస్తే, చాలామంది కోలుకుంటారు. అందుకే గడ్డతో పాటు ఈసినోఫిల్స్ కూడా పెరిగి ఉంటే, ఆపరేషన్‌కి ముందే ఒక మాట అడగండి: ‘డాక్టరుగారూ, కొంచెం ముక్క ఫార్మలిన్‌లో వేయకుండా ఫంగస్ కల్చర్‌కి పంపుతారా?’