గోడ అవతలి ఇంటి లెక్క

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము ఉర్దూ బడిలో లెక్కలు చెప్పేవాళ్లం. తెలుగులో తప్పులు దొర్లితే మన్నించండి. లెక్కలో దొర్లితే మాత్రం లేచి అడగండి.

అప్పుల గురించి మాట్లాడమన్నారు. వడ్డీ హరామ్ అని చెప్పి కూర్చోవచ్చు. అది మౌల్వీ సాహెబ్ మాకంటే బాగా చెబుతారు. మేము మా గోడ అవతలి ఇంటి సంగతి చెబుతాం. వాళ్లు క్రైస్తవులు. ఆయన తాపీమేస్త్రీ, ఆమె ఇంట్లో మిషను కుడుతుంది. వాళ్లనడిగే చెబుతున్నాం, పేర్లు మాత్రం చెప్పం.

2019లో పెద్దమ్మాయి పెళ్లికి లక్ష రూపాయలు ఐదు రూపాయల వడ్డీకి తెచ్చారు. అంటే నూటికి నెలకు ఐదు, ఏడాదికి అరవై. 2021లో ఆయన పరంజా మీద నుంచి పడి కాలు విరిగితే మరో 60 వేలు, మూడు రూపాయల వడ్డీ. ఆమె గొలుసు, కమ్మలు 40 వేలకు తాకట్టు, రెండు రూపాయల వడ్డీ. మూడూ కలిపి నెలకు 7,600. ఇద్దరి రాబడీ పదహారు పదిహేడు వేలు. లాక్‌డౌన్ నెలల్లో కూడా ఆ వడ్డీ ఆగలేదు. లక్ష ఇచ్చినాయనకు మూడేళ్లలో 1,80,000 ముట్టింది. లక్ష లక్షగానే ఉంది. ఈ లెక్క బోర్డు మీద వేస్తే మా పిల్లలు "తప్పు సార్" అంటారు.

2022 ఈస్టరు తరువాత ఆమె పాస్టరు గారి దగ్గరకెళ్లి ఏడ్చింది. చందాలు వేసి ఏ పదివేలో చేతిలో పెడతారని మేమనుకున్నాం. అలా చేయలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో పాస్టరు గారు, బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన, స్త్రీల సమాజం ఆవిడ ఒకరు, ఈ భార్యాభర్తలు ఒక నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. అలా నాలుగు ఆదివారాలు. బియ్యం, పాలు, కరెంటు, ఆయన బీడీలతో సహా రాశారు. ఆస్పత్రికని తెచ్చింది నలభై కాదు అరవై అని, ఇరవై తమ్ముడికిచ్చాడని ఆమెకు మూడో ఆదివారం గాని తెలియలేదు. ఆ రాత్రి గోడ ఇవతలికి బాగానే వినబడింది.

తరువాత పాస్టరు గారు, ఆ పెద్దాయన అతన్ని వెంటబెట్టుకుని లక్ష ఇచ్చినాయన ఇంటికెళ్లారు. దెబ్బలాడలేదు. పుస్తకం చూపించారు. 40 వేలు ఒకేసారి, మిగతా 60 నెలకు ఐదువేల చొప్పున, ఇకమీదట వడ్డీ లేదు అన్నారు. రెండుసార్లు తిప్పి మూడోసారి ఒప్పుకున్నాడు. ఆ 40 వేలు కోత పండుగ కానుకల్లోంచి చర్చి ఇచ్చింది. దానంగా కాదు, వడ్డీ లేని అప్పుగా.

అక్కడినుంచి లెక్క తిరగబడింది. వడ్డీకి పోయే ఐదువేలు అసలుకు పోయాయి. ఏడాదిలో లక్ష తీరింది. ఆ ఐదువేలే రెండో అప్పు మీదికి మళ్లించారు. పదకొండు నెలల్లో అదీ తీరింది. ఆపైన నగలు, చివర చర్చి బాకీ. సంపాదన పెరగలేదు, గమనించండి. అవే 7,600.

అంతా సాఫీగా జరిగిందనుకోకండి. మధ్యలో ఒక క్రిస్మస్సుకు పిల్లల బట్టలకని ఆమె ఎవరికీ చెప్పకుండా రోజువారీ ఫైనాన్సులో ఎనిమిది వేలు తెచ్చింది. సిగ్గుపడి రెండు ఆదివారాలు వరండాకే రాలేదు. స్త్రీల సమాజం ఆవిడ ఇంటికొచ్చి, "పుస్తకంలో రాసేద్దాం రామ్మా" అందట, అంతే. మేకను అమ్మారు. ఒక నెల వెనకబడ్డారు. 2025 ఈస్టరుకు మెడలో గొలుసుతో ఆమె మా ఇంటికి కేకు తెచ్చింది.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. రాంచీ వైపు 1909లోనే ఫాదర్ హాఫ్‌మన్ అనే జర్మన్ పాదిరీ, ఆదివాసీ రైతుల భూములు షావుకార్ల పాలు కాకుండా సహకార పరపతి సంఘం పెట్టాడు, ధాన్యపు కొట్లు పెట్టించాడు. యుద్ధకాలంలో 1915లో జర్మన్ అని ఆయనను దేశం నుంచి పంపేశారు, సంఘం నిలిచింది. మనవాళ్లూ ఊరకోలేదు. 1961లో దేవబంద్‌లో ముస్లిం ఫండ్ పెట్టి నగల మీద వడ్డీ లేని అప్పులిచ్చారు.

మరి మన సంఘం? జకాత్ ఎవరికివ్వాలో ఖురాన్ చెప్పిన ఎనిమిది వర్గాల్లో అప్పులపాలైనవారూ ఉన్నారు. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువివ్వమనీ ఉంది. మనం రంజాన్‌లో ఇంటింటికీ ఐదువందలు పంచి, తీసుకున్నవాళ్లను వరుసగా నిలబెట్టి ఫోటో తీస్తాం. అప్పున్నవాడు ఆ వరుసలోకి రాడు. వచ్చినా ఐదువందలు ఒక వారం వడ్డీకి చాలవు.

ఇప్పుడు మా సంగతి. 2023లో మా అమ్మాయి నికాహ్‌కు మేము రెండు లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. నెలకు ఆరువేలు. లెక్కల మాస్టారు! మా ఇంట్లో ఆవిడకు లక్షేనని చెప్పాం. మిగతాది నిన్న రాత్రి చెప్పాం. సంఘానికి ఎందుకు రాలేదంటే, కమిటీలో సగంమంది ఆ పెళ్లిలో బిర్యానీ తిని మెచ్చుకున్నవారే. మొహం చెల్లలేదు.

మేమడిగేది ముందు డబ్బు కాదు, ఒక వరండా. గుట్టు దాచగల ముగ్గురు మనుషులు, అందులో ఒకరు స్త్రీ. వచ్చే శుక్రవారం అసర్ నమాజు తరువాత మేము మదరసా వరండాలో నోటుపుస్తకంతో కూర్చుంటాం. మొదటి పేజీలో మా లెక్క రాసి ఉంటుంది. రెండో పేజీ ఖాళీగా ఉంచాం.