అన్నను గదిలో పెట్టి తాళం వేశాం
(వార్షికోత్సవ మహిళా సభలో చేసిన ప్రసంగం)

పెద్దలు నన్ను మద్యపానం వల్ల అనర్థాల గురించి మాట్లాడమన్నారు. అనర్థాలు ఇక్కడ కూర్చున్న అక్కచెల్లెళ్లకు నేను చెప్పాలా? పగార్ రోజు సాయంత్రం మన సోలాపూర్ పూర్వభాగ్‌లో ఏ గల్లీలో నిలబడ్డా కనిపిస్తాయి. అందుకని మా ఇంట్లో మేం చేసిన తప్పులు చెబుతాను. అన్నను అడిగే వచ్చాను. "చెప్పు, నా పేరు మాత్రం వద్దు" అన్నాడు.

అన్న పవర్‌లూమ్ మీద చాదర్లు నేస్తాడు. మొదట్లో రాత్రి షిఫ్ట్ దిగాక ఒళ్లు నొప్పులకని ఒక క్వార్టర్. కొన్నేళ్లకు పొద్దున లేవగానే చేతులు వణికేవి, తెగిన పోగు ముడి పడేది కాదు. ఓ గుక్క పడితేనే చెయ్యి నిలిచేది. మేం దాన్ని జబ్బనుకోలేదు, బుద్ధి లేదనుకున్నాం. అమ్మ మార్కండేయుడి గుడికి తీసుకెళ్లి ఒట్టు వేయించింది. ఆ ఒట్టు అబద్ధం కాదు. ఆ గంటలో అన్న మనస్ఫూర్తిగానే అన్నాడు. పొద్దున మళ్లీ వణుకు మొదలైంది, అంతే.

ఒకసారి విసిగిపోయి గదిలో పెట్టి తాళం వేశాం. మూడు రోజులు తాగకపోతే అదే పోతుందనుకున్నాం. మొదటి రోజు చెమటలు. రెండో రాత్రి ఫిట్స్. ఆ తర్వాత గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు. పక్కింటావిడ దయ్యమని నిమ్మకాయలు తెచ్చింది. మేం రిక్షా తెచ్చాం, నయం.

దవాఖానాలో డాక్టరు చెప్పాడు: ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పవచ్చు. అందుకే డాక్టరు కళ్లెదుట, మందులతో, బి1 విటమిన్‌తో మాన్పించాలి. ఇంకో మాట. తెలియకుండా పప్పులో కలిపే బిళ్లలు కొందరు అమ్ముతారు. డైసల్ఫిరామ్ అనే మందు కడుపులో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి చావే. అది రోగికి చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే డాక్టరు ఇచ్చే మందు. దయచేసి కలపకండి.

వదిన బీడీలు చుట్టిన డబ్బుతో అన్న ఉచల్ తీర్చేది, మందు దుకాణం బాకీ కూడా. నేను కార్ఖానాకు ఫోన్ చేసి "జ్వరం" అనేదాన్ని. కౌన్సెలర్ అడిగింది, "తాగుడు వల్ల వచ్చే ఏ నష్టమూ ఆయన దాకా చేరనివ్వడం లేదు కదా మీరు?" అని. ఆ రోజు నుంచి వదిన దుకాణం బాకీ కట్టలేదు. అన్నం మాత్రం పెట్టింది. తాగి ఉన్నప్పుడు వాదించడం మానేసి, పొద్దున తెలివిగా ఉన్నప్పుడు, "నిన్న పాప ఫీజు పోయింది, నాకు భయమేసింది" అని మాత్రం చెప్పేది. చెయ్యెత్తిన రోజు పిల్లల్ని తీసుకుని మా ఇంటికొచ్చేసింది. అందులో తప్పేమీ లేదు.

చివరికి అన్న తనే ఒప్పుకుని పుణె వెళ్లాడు. అక్కడి ముక్తాంగణ్‌ను డాక్టర్ అనితా అవచట్, ఆమె భర్త, రచయిత అనిల్ అవచట్ 1986లో మొదలుపెట్టారు. నెల పైనే ఉన్నాడు. వచ్చాక అయిదు నెలలు ముట్టలేదు. ఒక పెళ్లి బరాత్‌లో మళ్లీ తాగాడు. మన పెళ్లిళ్లలో బరాత్‌కు ముందు సీసాలు పంచేది ఎవరో పెద్దలకే తెలుసు, కోపగించుకోవద్దు. ఇంట్లో చావు జరిగినట్టు ఏడ్చాం. కానీ పోగు తెగితే మగ్గం ఆపి, కొస వెతికి ముడేస్తాం గానీ పడుగంతా కోసి పారెయ్యం కదా. వారంలోనే మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఇప్పుడు ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు పోతున్నాడు. తాగేవారి ఇంటివాళ్లకు వేరుగా అల్-అనాన్ ఉంది. రెండింటికీ ఫీజు లేదు.

ఎవరినడగాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి. సర్కారు హెల్ప్‌లైన్, డబ్బు పడదు. సభ అయ్యాక నేను వంటశాల పక్కన కూర్చుంటాను. పేరు చెప్పకుండానే మాట్లాడొచ్చు.

అన్న ఎందుకు రాలేదని ఇందాక ఒకరడిగారు. ఈ రోజు రెండో షిఫ్ట్‌లో ఉన్నాడు.