ఇల్లు మరల తాకట్టు పెట్టునపుడు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



గ్రామములో ఎవరైనను ఇల్లు తాకట్టు పెట్టి పత్రము వ్రాయునపుడు సాక్షి సంతకమునకై తరచుగా పిలువబడువారు మీరే. ఆ సంతకమును గూర్చియే నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

ఒక కుటుంబమువారు ఇంటి తాకట్టుపై రెండు లక్షల రూపాయలు, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిరనుకొందము. ఏటికి వడ్డీయే 48,000 రూపాయలు. పంట పండలేదు, వడ్డీ కట్టలేదు. సాహుకారు ఏటేట వడ్డీని అసలులో కలిపి క్రొత్త పత్రము వ్రాయించుకొనును. మూడేండ్లు గడచునప్పటికి బాకీ 3,81,000 రూపాయలు దాటును. ఆ కుటుంబమునకు క్రొత్తగా ఒక్క రూపాయియు చేతికి రాలేదు. ఇంటిపై భారము మాత్రము రెట్టింపునకు సమీపించినది.

అట్లని మరల తాకట్టు పెట్టుట ఎల్లప్పుడును తప్పు కాదు. అదే రెండు లక్షలు బ్యాంకులోగాని సహకార సంఘములోగాని సాలుకు నూటికి పది రూపాయల వడ్డీకి దొరికినచో, మొదటి యేట వడ్డీ 20,000 రూపాయలకు మించదు. మిగిలిన 28,000 రూపాయలు అసలు తీర్చుటకు అక్కరకు వచ్చును. కాని అదే అదనుగా పెండ్లి ఖర్చులకని మరి రెండు లక్షలు చేర్చినచో వడ్డీ 40,000 రూపాయలగును, అప్పు రెట్టింపగును. పాత అప్పు తీర్చుటకు తెచ్చిన సొమ్ము పాత అప్పునకే చెందవలెను.

ఇక చట్టము సంగతి. 1882 ఆస్తి బదిలీ చట్టము 60వ సెక్షను ప్రకారము, బాకీ తీర్చినవారికి ఇల్లు విడిపించుకొను హక్కు కలదు. విడిపించరాదని పత్రములో వ్రాసికొన్నను ఆ షరతు చెల్లదు. అయితే కొందరు అప్పు ఇచ్చుచు తాకట్టు పత్రమునకు బదులు విక్రయ పత్రము వ్రాయించుకొందురు. "సొమ్ము ముట్టగానే తిరిగి వ్రాసి యిత్తును" అని నోటిమాట చెప్పుదురు. ఆ షరతు విక్రయ పత్రములోనే లేనిచో, 1929 సవరణ ప్రకారము అది తాకట్టుగా పరిగణింపబడదు. ఇల్లు పోవుట ఇక్కడనే జరుగుచున్నది.

కావున సంతకమునకు ముందు మూడు పనులు చేయుడు.

మొదటిది: పత్రమును ఇంటివారి యెదుట ఆసాంతము చదివించి వినుడు. తాకట్టా, అమ్మకమా అని స్పష్టముగా అడుగుడు.

రెండవది: సబ్-రిజిస్ట్రారు కచేరినుండి ఈ.సీ. తెప్పించి ఇంటిపై గల పాత తాకట్టులను చూడుడు. క్రొత్త ఋణపు సొమ్ము పాత ఋణదాతకు నేరుగా ముట్టవలెను; ఆయన చెల్లు రసీదును, విడుదల పత్రమును వ్రాసి యియ్యవలెను.

మూడవది: దస్తావేజులు ఎవరివద్ద ఉన్నవో తెలిసికొనుడు. బాకీ పూర్తిగా తీరిన 30 దినములలో బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగి యియ్యవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించెను. బ్యాంకు వలననే ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల పరిహారము చెల్లించవలెను. ఈ సంగతి తెలియనివారికి తెలియజేయుడు.

గ్రామకంఠములోని ఇండ్లకు చాలకాలము సరియైన హక్కు పత్రములు లేకుండుటచే బ్యాంకులు ఋణమిచ్చుటకు వెనుదీసినవి. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకము క్రింద, డ్రోనులతో నివాస స్థలములను కొలిచి ఆస్తి కార్డులిచ్చు ఏర్పాటు జరిగినది. ఆ కార్డు చేతికందిన కుటుంబమునకు బ్యాంకు ఋణము పొందుటకు దారి ఏర్పడును. దానిని సాహుకారు పెట్టెలో చేర్చవలదని మంచిమాటగా చెప్పవలసినవారు మీరే.

పది మందిలో ప్రశ్న అడుగుటకు మొగమాటము కలుగవచ్చును. ఆ మొగమాటము ఒక గడియ. ఇల్లు పోయిన కుటుంబము కష్టము తరతరములది. పత్రము మీకు తృప్తి కలిగించనిచో సంతకము చేయకుడు. ఏ ఇంటివారి మేలు కోరి మిమ్ము పిలిచిరో, ఆ ఇంటికి అదియే మీరు చేయు సహాయము.