వడదెబ్బ: మీరు చేయాల్సింది, ప్రభుత్వం ఇచ్చే సాయం



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఎక్కడైనా యాసంగి వడ్లు కోతకొచ్చేది సరిగ్గా ఎండలు ముదిరేటప్పుడే. కాంటా ఎప్పుడవుతుందా అని కొనుగోలు కేంద్రంలో వడ్ల రాశి దగ్గర పొద్దంతా కూర్చునేది మీరే. మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు, ఉపాధి పనికి పోయే అక్కలదీ ఇదే కథ. ఎండ మనకు కొత్తదా అంటారు. కొత్తది కాదు. కానీ రాత్రి కూడా ఒళ్లు చల్లబడని రోజులు పెరుగుతున్నాయి.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బ అనుకోండి. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు చల్లి విసరండి. 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయొద్దు.

ఇక చెప్పడానికి నాకే కష్టమైన మాట. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను విపత్తుగా ప్రకటించింది. ప్రాణం పోతే కుటుంబానికిచ్చే సాయం 50 వేల నుంచి 4 లక్షల రూపాయలైంది. అయితే ‘గుండె ఆగిందేమో’ అనుకుని దహనం చేసేస్తే, తర్వాత అది వడదెబ్బేనని తేల్చడం చాలా కష్టం. అంత దుఃఖంలోనూ ముందు పోలీసులకు, తహసీల్దారుకు, పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పండి. పోస్టుమార్టం వద్దనకండి.