మ్రొక్కులలో హెచ్చుతగ్గులు

(గోదావరిఖని బొగ్గుగని కార్మికుల సభయందు చేసిన ఉపన్యాసము)



హిందూమతమున సాధనమార్గము లనేకములని వేదికలపై చెప్పుట మనకు సులభము. ఇల్లు చేరిన పిదప మన మార్గము గొప్పదనియు, పొరుగువానిది మోటదనియు తలచుట అంతకంటె సులభము. నేడు నేను మాటాడదలచినది ఈ రెండవ యలవాటును గూర్చియే.

మన ప్రాంతమునే చూడుడు. మంథనిలో వేదాధ్యయనము తరతరములుగా సాగినది. ధర్మపురిలో నృసింహుని గొలుతురు. వేములవాడ రాజన్నకు కోడెమ్రొక్కు చెల్లింతురు. కాళేశ్వరమున నొకే పానవట్టముపై రెండు లింగములు గలవు: ఒకటి ముక్తీశ్వరుడగు శివునిది, రెండవది యమునిది. తొలిపూజ యమునికే. దినదినము భూగర్భమునకు దిగు మీకు ఈ క్రమము నెవ్వరును విడమరచి చెప్పనక్కరలేదు!

రెండేండ్లకొకమారు మాఘమాసమున మేడారము. అచ్చట విగ్రహము లేదు. కోయ పూజారులు చిలుకలగుట్టనుండి సమ్మక్కను కుంకుమభరిణె రూపమున గద్దెకు దెత్తురు. భక్తు లర్పించునది బెల్లము. దానినే వారు బంగార మందురు. నేను న్యాయశాస్త్రము చదువు దినములలో, నా యెత్తు బంగారము మ్రొక్కితినని మా యమ్మ చెప్పగా, తక్కెడలో గూర్చుండుటకు సిగ్గుపడితిని. కాళేశ్వరమున మాత్రము అర్థము తెలియని మంత్రములను తలవంచి వింటిని. ఆ సిగ్గు నాకు చదువువలన గలిగినదనుకొంటిని. అది కులము నేర్పిన సిగ్గని చాల యాలస్యముగా దెలిసికొంటిని.

మ్రొక్కును తక్కువజేసిన చూపు, మ్రొక్కినవారిని తక్కువ చేయక మానదు. 2011వ సంవత్సరమున సకలజనుల సమ్మె నడుమ బతుకమ్మ వచ్చినది. ఉద్యమ కార్యకర్తగా నేనును వీధులలో నుంటిని. పసుపు గౌరమ్మకు పురోహితుడు లేడు, మంత్రము లేదు. ఎవరి ప్రక్క నెవరాడిరో యడిగినవారును లేరు. ఆనా డట్లాడిన యొకామెను గడచిన మాసమున నొక పల్లెలో గుడిమెట్టు కడ నాపిరి. ఆపినవారు మార్గములనేకములని నాతోనే వాదించిరి: "ఆమెకు ఆమె దేవత యున్నదిగదా, ఇక్కడి కేల?"

ఈ వాదము క్రొత్తది కాదు. స్వామినారాయణ సంప్రదాయములోని కొందరు, తమ మార్గము హిందూమతమునకు వేరనియు, కావున ఆలయప్రవేశ చట్టము తమకు వర్తింపదనియు వ్యాజ్యమాడిరి. సుప్రీంకోర్టు 1966వ సంవత్సరమున దానిని త్రోసివైచెను. రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. మార్గము వేరగుట తలుపు మూయుటకు కారణము గానేరదు.

కాగితమున నింత బలమున్నను ఆమె యింకను మెట్టు దాటలేదు. వచ్చు సోమవారము ఉదయమున ఆమె మరల వెళ్ళుచున్నది. నేను వెంట నుందును. మొదటి షిఫ్టు లేనివారు రండు.