రుజువేది?



ఫ్రాన్సు దేశం పేరు విన్నారు కదా. ఐరోపా ఖండంలో ఉంది. ఆ దేశంలో దక్షిణం వైపు తులూజ్ అనే పట్నం ఉంది. అక్కడ జాన్ కలాస్ అనే వ్యాపారి ఉండేవాడు. కింద బట్టల కొట్టు, పైన కాపురం. భార్య పేరు ఆన్ రోజ్. నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు.

ఆ రోజుల్లో రాజుగారిది కాథలిక్కు మతం. కలాస్ వాళ్లు ప్రొటెస్టెంట్లు. ఇద్దరూ కొలిచేది ఏసునే. అయినా 1685 నుంచి ప్రొటెస్టెంట్లకు చట్టంలో చోటు లేకుండా పోయింది. వాళ్ల పద్ధతిలో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. పుట్టిన బిడ్డలు అక్రమ సంతానం. వకీలు కావాలన్నా కాథలిక్కునని చర్చి నుంచి కాగితం తేవాలి. కలాస్ పెద్దకొడుకు మార్క్ లా చదివాడు. ఆ కాగితం దొరకలేదు. చదువు అటకెక్కింది. కుర్రవాడు ఎప్పుడూ దిగులుగా ఉండేవాడు.

1761 అక్టోబరు 13. ఆ రాత్రి ఎరిగున్న యువకుడొకడు భోజనానికి వచ్చాడు. తినడం కాగానే మార్క్ లేచి కిందికి దిగాడు. చాలాసేపటికి అతిథిని సాగనంపుదామని తమ్ముడు దీపం పట్టుకుని వెళ్లాడు. కొట్టులో అన్న శవం. మెడ మీద తాడు గుర్తు.

ఉరి వేసుకున్నవాడి శవాన్ని వీధుల వెంట ఈడ్చుకుపోవడం అప్పటి చట్టం. ఆ అవమానానికి తండ్రి భయపడ్డాడు. ఉరి సంగతి చెప్పొద్దన్నాడు. బయటివాడెవడో చంపాడని మొదట చెప్పారు. తర్వాత నిజం చెప్పారు గానీ అప్పటికే ఆలస్యమైంది.

ఎందుకంటే వీధిలో జనం పోగయ్యారు. గుంపులోంచి ఎవరో అరిచారు. కొడుకు కాథలిక్కుల్లో కలవబోతున్నాడు, అందుకే ఇంటివాళ్లే చంపేశారు అని. అరిచిందెవరు? తెలీదు. చూసినవాళ్లున్నారా? లేరు. అధికారి ఆ మాటే పట్టుకున్నాడు. తండ్రినీ, తల్లినీ, తమ్ముణ్ణీ, అతిథినీ, పనిమనిషినీ ఖైదు చేశాడు. పనిమనిషి కాథలిక్కు. వాళ్లింట్లో చాలా ఏళ్లుగా ఉంది. వాళ్లు చంపలేదని మొదటినుంచీ ఒకే మాట చెప్పింది. పెద్దమనుషులు ఆమె మాట చెవిని పెట్టలేదు.

అప్పట్లో విచారణ గుట్టుగా జరిగేది. ముద్దాయి పక్కన వకీలు నిలబడే వీల్లేదు. తీర్పుకి కారణం చెప్పే పని కూడా లేదు. ఆమె అందట, ఈయన విన్నాడట అనే మాటలే సాక్ష్యాలు. అలాంటివి పావు రుజువు, అర్ధపావు రుజువు అని కూడి, మొత్తం ఒక రుజువు చేసేవారు. కందిపప్పు తూకమా ఇది! మనిషి ప్రాణం.

1762 మార్చి 9న తీర్పు వచ్చింది. 13 మంది జడ్జీల్లో 8 మంది మరణశిక్ష అన్నారు. మర్నాడు ఆ ముసలాయన్ని చిత్రహింస పెట్టారు. ఇనపకడ్డీతో కాళ్లూ చేతులూ విరగ్గొట్టి చక్రం మీద పడేశారు. మిగతావాళ్ల పేర్లు చెబుతాడని చూశారు. ఆయన చెప్పలేదు. నేను ఏ పాపం ఎరగనంటూనే పోయాడు. అప్పుడు జడ్జీలకు ఎటూ పాలుపోలేదు. తమ్ముడికి దేశబహిష్కారం వేశారు. మిగిలిన ముగ్గుర్నీ వదిలేశారు. కూతుళ్లిద్దర్నీ తల్లి దగ్గర ఉండనివ్వలేదు. కాథలిక్కు సన్యాసినుల మఠాల్లో పెట్టారు.

ఈ సంగతి వోల్టేర్ చెవిన పడింది. ఆయన పేరుమోసిన రచయిత. అప్పటికి 67 ఏళ్లు. పెద్దవాళ్లతో పెట్టుకుని పడుచుతనంలో రెండుసార్లు జైలుకెళ్లాడు. అందుకే దేశం సరిహద్దున, ఫెర్నే అనే ఊళ్లో ఉండేవాడు. మొదట ఆయన కూడా తండ్రే చంపాడని నమ్మేశాడు. తర్వాత కలాస్ చిన్నకొడుకుని పిలిపించుకుని మాట్లాడాడు. తెలిసినవాళ్లందర్నీ అడిగాడు. అప్పుడు లెక్క తప్పినట్టు తోచింది.

ఆయన వేసిన ప్రశ్నలు వినండి. అరవై దాటిన ముసలాయన బలమైన కొడుకుని ఒంటరిగా ఉరి ఎలా తీస్తాడు? అందరూ కలిసి చంపారా? మరి మిగతావాళ్లని ఎందుకు వదిలారు? ఇంకో కొడుకు అంతకుముందే కాథలిక్కు అయ్యాడు. తండ్రి వాణ్ణి చంపాడా? లేదు. ఖర్చులకు డబ్బిచ్చాడు. వాడు మతం మారడానికి తోడ్పడింది ఆ పనిమనిషే. ఆమెను కూడా ఇంట్లోంచి పంపలేదు. మరి రుజువేది?

ఇలా కారణం అడగడాన్నే హేతువు అంటారు. ఇందులో పెద్ద శాస్త్రం ఏమీ లేదు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడరూ? అలాంటిదే. రాజు మాటనీ, గుంపు మాటనీ కూడా అలా కొట్టి చూడాలన్నారు ఆ కాలపు తత్వవేత్తలు. తత్వవేత్తలంటే లోకం తీరు గురించి లోతుగా ఆలోచించేవాళ్లు.

ఆన్ రోజ్ పారిస్ బయల్దేరాలి. మొదట జంకింది. భర్త పోయాడు, బిడ్డలు చెదిరిపోయారు, చేతిలో పైసా లేదు. వోల్టేర్ ధైర్యం చెప్పాడు. ఆయనా, స్నేహితులూ డబ్బు సర్దారు. ఆమె వెళ్లింది. నల్లబట్టలు కట్టుకుని ఒక్కో పెద్దమనిషి గడపా ఎక్కింది. వోల్టేర్ కరపత్రాలు రాశాడు, వందల ఉత్తరాలు రాశాడు. 1763లో మత సహనం మీద చిన్న పుస్తకం వేశాడు. లావు పుస్తకాలకంటే చవకైన చిన్న పుస్తకాలకే పాలకులు భయపడతారని ఆయన నమ్మకం. ఆ నమ్మకం వమ్ము కాలేదు. రాజుగారి సభ కేసు కాగితాలు తెప్పించింది. 1764లో పాత తీర్పు కొట్టేసింది. తిరిగి విచారణ కోసం ఆన్ రోజ్ మళ్లీ జైలుకి వెళ్లి కూర్చుంది. అది కూడా చట్టమే! 1765 మార్చి 9న, సరిగ్గా మూడేళ్లకి, జడ్జీలంతా ఏకమాట మీద కలాస్ నిర్దోషి అన్నారు. రాజు ఆ కుటుంబానికి 36,000 లీవ్రులు ఇచ్చాడు. లీవ్రు అంటే అప్పటి వాళ్ల డబ్బు. పనిమనిషికి కూడా అందులో వాటా వచ్చింది. ప్రాణం తీసిన జడ్జీలకి మాత్రం ఏ శిక్షా లేదు.

అంతటితో ఆగలేదు. ఇటలీలో బెకారియా అనే యువకుడు 1764లో ఒక పుస్తకం రాశాడు. చిత్రహింస పెడితే నిజం రాదు, ఒళ్లు గట్టివాడు తప్పించుకుంటాడు, బలహీనుడు చెయ్యని నేరం ఒప్పుకుంటాడు అన్నాడు. రాజులు సైతం చదివారు. ఒప్పించడానికి పెట్టే చిత్రహింసను ఫ్రాన్సు రాజు 1780లో రద్దు చేశాడు. ప్రొటెస్టెంట్ల పెళ్లిళ్లు 1787లో చట్టానికెక్కాయి. ఎన్నో ఏళ్ల కిందట పెళ్లయినవాళ్లు, ఎదిగిన పిల్లలున్నవాళ్లు కూడా వెళ్లి పేర్లు రాయించుకున్నారు. 1789లో విప్లవం వచ్చింది. నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషే అని అప్పటి హక్కుల ప్రకటనలో రాశారు. 1791లో కలాస్ కథను నాటకంగా ఆడారు.

అయితే ఈ తత్వవేత్తలు ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి తడబడ్డారు. రూసో చాలా గొప్పవాడంటారు. ఆడపిల్ల చదువు మగవాణ్ణి సంతోషపెట్టడానికే అని 1762లో రాశాడు ఆ గొప్పవాడు. ఆడదానికి బుద్ధి తక్కువని మీకెవరు చెప్పారు, చదువు చెప్పకుండానే తేల్చేశారా అని ఇంగ్లండులో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో పుస్తకమే వేసింది. ఫ్రాన్సులో ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది మాత్రం 1944లో.

ఆన్ రోజ్ మళ్లీ తులూజ్ కాపురానికి వెళ్లలేదు. కూతుళ్లతో పారిస్‌లోనే ఉండిపోయింది. తన మతంవాళ్ల పెళ్లిళ్లు చట్టానికెక్కడం చూసింది. హక్కుల ప్రకటన చూసింది. 1792లో కన్ను మూసింది.