దొరతనము – చుట్టరికము



క్రైస్తవ మత ప్రచారకులు మన సీమలో ఎట్లు జీవించిరి, వారి మాట ఏ బాటను నడచి జనుల హృదయములకు చేరినది అను విషయమును గూర్చి నేడు కొన్ని మాటలు మనవి చేసికొందును. నేను క్రైస్తవుడను గాను. అమ్రాబాదులో పుట్టి, బాల్యమున గురువుగారి యొద్ద శబ్దమంజరి, అమరము, పంచకావ్యములు చదివి, పిదప పాఠశాలలో తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. ఇట్టివానికి ఈ ప్రసంగముతో పని యేమని మీరు తలంపవచ్చును. పని యున్నది. పల్లెలో ఒక యువకుడు బాప్తిస్మము పొందినాడను వార్త పుట్టగానే తగవు పెద్దల యరుగు మీదికే వచ్చును. ఎవరో డబ్బిచ్చి మార్చినారని యొకడనును. వాని మనసు వాని యిష్టమని మరియొకడనును. నడుమ పెద్దమనిషి ఏదో యొకటి చెప్పవలసి యుండును. ఆ చెప్పెడు మాట మీద ఒక కుటుంబమునకు పెండ్లికి పిలుపు, పీనుగునకు భుజము ఆధారపడి యుండును. కనుక ఈ సంగతి తెలిసికొని మాటలాడుట మనకు ధర్మము.

మతము ఉపన్యాసములచే వ్యాపించునని చదువుకొన్నవారు తలంతురు. మన కనుల యెదుట కానవచ్చునది వేరు. చైత్ర పూర్ణిమకు మన నల్లమల యడవిలోని సలేశ్వరమునకు వేలకొలది జనులు కొండ దిగి, లోయ నడచి లింగమయ్య దర్శనమునకు పోవుదురు. వారిలో స్థలపురాణము విని బయలుదేరినవారెందరు? మేనమామ పోవుచున్నాడు కనుక అల్లుడు వెంట నడచును. అక్క మ్రొక్కుకొన్నది కనుక చెల్లెలు బిడ్డనెత్తుకొని వచ్చును. అహోబిలపు నరసింహస్వామి కథ చూడుడు. ఆయన చెంచులక్ష్మిని చేపట్టి చెంచుల యింటి యల్లుడైనాడని మన పెద్దలు చెప్పుదురు. వేదవేదాంతములు చేరని గూడెమునకు దేవుడు చుట్టమై చేరినాడు. మన దేశమున భక్తి నడచు బాట ఇది. పరదేశము నుండి వచ్చిన మతమునకును ఇదియే బాట యయ్యెనని చరిత్ర చెప్పుచున్నది.

1889లో దక్షిణ రష్యా నుండి అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా అనువారు మన తెలుగుదేశమునకు వచ్చిరి. వారు మెన్నోనైట్లు. అనగా యుద్ధమున ఆయుధము పట్టరాదను నియమము గల క్రైస్తవ శాఖవారు. సేద్యము నమ్ముకొన్న పల్లెలవారు. అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి వారు నల్లగొండ కేంద్రముగా పనిచేసిరి. 1899లో అదే శాఖకు చెందిన నికొలాయ్ హీబర్ట్ దంపతులు అమెరికా నుండి వచ్చిరి. తరువాత నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి మొదలగు తావుల మిషను బంగళాలు లేచినవి. వచ్చినవారు సముద్రములు దాటి, ఎండలకును జ్వరములకును ఓర్చి, తమ బిడ్డలను ఈ నేలనే సమాధి చేసికొనియు వెనుదిరుగని దృఢచిత్తులు. తాము సేవకులమని వారు మనసార నమ్మిరి. కాని పల్లెవారు వారిని ఏమని తలంచిరి?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు ఆ మిషనరీల బిడ్డయే. పాల్ హీబర్ట్ 1932లో శంషాబాదున మిషనరీ దంపతులకు పుట్టి, మానవశాస్త్రము నభ్యసించి, మన పాలమూరు సీమలోని కొండూరను గ్రామమున నివసించి, 1971లో ఆ గ్రామమును గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ఆయన తన వారిని గూర్చియే నిష్పక్షపాతముగా వ్రాసిన సంగతి యొకటి యున్నది. మిషనరీయను మాటకు పల్లెవారి మనసులో తావు లేదు. క్రొత్తగా వచ్చినవాడు విశాలమైన భూమి కొనినాడు, చుట్టును ప్రహరీగోడ పెట్టినాడు, లోపల బంగళా కట్టినాడు, నౌకరులను పెట్టుకొన్నాడు. ఇవి యెవరి లక్షణములు? దొర లక్షణములు. కనుక ఆయనను దొర యనిరి. ఇంతలో పెండ్లి కాని మిషనరీ స్త్రీ యొకతె వచ్చినచో ఆమెకు అదే ప్రహరీలో వేరొక యిల్లు కట్టించెడివారు. దొరలు రెండవ భార్యకు వేరింటి కాపురము పెట్టుట జనులెరిగినదే కనుక, ఈమెయు నట్టిదే యని పల్లెవారు నిశ్చయించుకొనిరట! పాపము, ఆ సాధువులకు ఈ సంగతి చాలకాలము తెలియనే తెలియదు.

ఇది నవ్వి విడిచిపెట్టవలసిన కథ కాదు. దొరకును రైతునకును నడుమ ఏ సంబంధ ముండును? దొర యెదుట రైతు చేతులు కట్టుకొని నిలుచును, అవుననును, పని యైన పిమ్మట ఇంటికి పోవును. తన మనసులోని భయమును, సందేహమును, ఇంటి కలహమును చెప్పుకొనడు. మనసు విప్పనిచోట విశ్వాసపు మాట చెవి దాటి లోనికి పోదు. బంగళా అరుగు మీద నుండి ఎంతటి సత్యము చెప్పినను అది హుకుమువలె వినబడును.

రోగి మంచము దగ్గర మాత్రము ఈ గోడ కొంత కరగినది. కతరీనా షెల్లెన్‌బర్గ్ అను వైద్యురాలు 1907లో వచ్చి, 1945లో శంషాబాదున కన్నుమూయువరకు ఇచటనే రోగులకు వైద్యము చేసెను. 1952లో జడ్చర్లలో మిషను ఆసుపత్రి తెరచిరి. నాడి పట్టుకొన్న చేతిని ఎవరును దొర చేయి యనుకొనరు. అయినను మందునకు వచ్చినవాడు వైద్యునకు ఋణపడి యుండును గాని సమానుడు కాజాలడు. సమానుని మాట ఎట్లు పని చేయునో చూడవలెనన్నచో మనము కృష్ణ దాటి ఒంగోలు సీమకు పోవలెను.

అచట కనిగిరి ప్రాంతమున తాళ్లకొండపాడను పల్లెలో యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ కులజు డుండెను. తోళ్ల వర్తకుడు. అంతకుముందే గురువు నాశ్రయించి యోగసాధన చేసిన జిజ్ఞాసువు. వర్తకమునకై తిరుగుచు క్రైస్తవ బోధ విని, 1866లో భార్యతో గూడ బాప్తిస్మము పొందెను. పిదప ఆయన ఎవరి జీతము కొరకును వేచి యుండలేదు. తోళ్ల బేరమునకు పోయిన ప్రతి పల్లెలోను బావ, వియ్యంకుడు, పినతండ్రి, మేనల్లుడు ఉండనే యుండిరి. రాత్రి వారి పంచలో పండుకొని, తాను కన్నదియు విన్నదియు చెప్పెను. 1867 జనవరిలో ఆయన పిలుపుపై అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యగు జాన్ క్లౌ ఆ పల్లెకు పోవునప్పటికి, చుట్టుపట్ల గ్రామముల నుండి జనులు సిద్ధముగా నుండిరి. వారిలో 28 మంది అప్పుడే బాప్తిస్మము పొందిరి. అమెరికా దొర చెప్పినది ఆ పల్లెవారికి వింత. పేరయ్య చెప్పినది ఇంటి మాట.

అయితే బంధుత్వపు బాట పూలబాట కాదు. ఈ క్రొత్త విశ్వాసులు గ్రామదేవత కొలుపులో డప్పు కొట్టమనిరి. ఆదివారము పనికి రామనిరి. ఊరి పెద్దలకు కోపము వచ్చెను. కొన్ని పల్లెలలో వారికి నీరు బందు చేసిరి, పని మాన్పించిరి. పెద్దల పక్షమునను ఒక మాట యున్నది. డప్పు మ్రోగనిచో కొలుపు సాగదు, ఊరి కట్టు చెడును. కాని ఆ కట్టులో తమకు దక్కిన చోటేమని డప్పు కొట్టువాడు అడిగినపుడు మన వద్ద ఏ యుత్తరము నుండెను? ఆ ప్రశ్న వినిపించుకొనక నీటిని ఆపుట జవాబు కాజాలదు.

ఇక ప్రధానమైన ఆక్షేపణకు వత్తును. ఆకలిని ఎరగా పెట్టి మతము మార్చుదురను మాట. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును ఘోరమైన కరవు పీడించెను. అప్పుడు క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో సుమారు మూడు మైళ్ల భాగమును కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించి కూలి యిప్పించెను. తెలుగు బోధకులు మేస్త్రీలై వారితో కలిసి పనిచేసి, సాయంకాలము చెట్ల క్రింద కూర్చుండి మాటలాడెడివారు. వేలమంది బాప్తిస్మ మడిగిరి. క్లౌ ఈయలేదు. కూటి కొరకు వచ్చినవాడెవడో, మనసు మారి వచ్చినవాడెవడో కరవులో తేలదని ఆయన శంక. పదునైదు నెలలు ఒక్కరికిని బాప్తిస్మ మీయక నిలిచెను. కరవు సహాయము ముగిసిన పిదప, ఇక చేతిలో సొమ్ము లేదని స్పష్టముగా తెలిపిన మీదటనే అంగీకరించెను. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ యొడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినమున వారిని నీట ముంచి లేపిన చేతులు తెలుగు బోధకులవి.

అన్నము పెట్టినవానిపై కృతజ్ఞత వారిని లాగలేదా యని మీరడుగవచ్చును. లాగియే యుండును, మనుష్య హృదయమును త్రాసులో పెట్టి, ఇంత భక్తి, ఇంత కృతజ్ఞత యని తూచుట ఎవరికిని శక్యము కాదు. కాని ఇచ్చుటకు వేరుగా, అడుగుటకు వేరుగా కాలము నేర్పరచిన ఆ పదునైదు నెలల నిగ్రహము గమనింపదగినది.

దొరతనపు గోడను గూర్చి మిషనరీల సభలోనే నిర్భయముగా పలికిన భారతీయు డొకడున్నాడు. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, తిరునెల్వేలి సీమకు చెందిన తమిళుడు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో నిలిచి, మీరు త్యాగము చేయుచున్నారు, దానము చేయుచున్నారు, మాకు కావలసినది స్నేహము అను భావముతో ప్రసంగించెను. ఎదుట కూర్చున్నవారిలో ననేకులు నొచ్చుకొనిరి. తెలుగు జిల్లాలలో ఆయనయు పరదేశియే. తెలుగు నేర్చుకొని దోర్నకల్లున పనిచేసి, 1912లో ఆంగ్లికను సంఘములో తొలి భారతీయ బిషప్పయ్యెను. 1939లో ప్రతిష్ఠితమైన దోర్నకల్లు దేవాలయమును చూచినవారికి హిందూ మండపపు స్తంభములు, మసీదు గుమ్మటములు ఒక్క కట్టడములో కానవచ్చును. గాంధీమహాత్మునకును ఆయనకును మాత్రము పొసగలేదు. సేవ చేయువాడు ఎదుటివాని మతము మార్చు తలంపుతో చేయరాదని గాంధీగారి వాదము. తన బ్రతుకును మార్చిన దానిని పొరుగువానితో చెప్పకుండుట స్నేహము కాదని అజరయ్యగారి వాదము. ఇరువురును ధర్మాత్ములే. ఇరువురి మాటలోను సత్యమున్నది.

మన రాజ్యాంగపు 25వ అధికరణము మతము నవలంబించుటకును, ప్రచారము చేయుటకును ప్రతివానికి స్వేచ్ఛ యిచ్చినది. ప్రచారపు హక్కు అనగా ఇతరుని మార్చు హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చట్టము అంతవరకే పోగలదు. స్నేహము నిజమైనదా, వల యైనదా యని తేల్చుట చట్టమునకు సాధ్యము కాదు, ఊరికి సాధ్యము. దానికి నాకు తోచిన గుర్తు ఒక్కటే. ఎదుటివాడు "నాకు వద్దు" అన్న మరునాడు ఆ స్నేహితుడు ఏమి చేయును? మునుపటివలెనే వచ్చి అరుగు మీద కూర్చుండెనా, రోగమునకు మందు తెచ్చెనా, అది చుట్టరికము. రాకపోకలు మానెనా, అది బేరము.

ఈ గుర్తు ఆవలివారికి మాత్రమే కాదు, మనకును వర్తించును. మనవాడు "నాకు కావలెను" అన్న మరునాడు మనమేమి చేయుదుము? నా వద్ద చదువుకొన్న ఇద్దరు బావమరదులలో నొకడు క్రైస్తవుడయ్యెను. వాని కూతురు పెండ్లికి పోరాదని కులపెద్దలు కట్టడి చేయబూనగా రెండవవాడు, "నా కళ్లములో వరి తడిసిన నాడు అర్ధరాత్రి వచ్చి కుప్ప వేసినవాడు వాడే. వాని పందిట్లో నేను లేకపోతే ఎట్లా?" అనెను. పోయెను, వడ్డన చేసెను. నేటికిని ఒకడు సలేశ్వరము పోవును, ఒకడు గుడిగంట విని ప్రార్థనకు పోవును. వాదము లేకపోలేదు, రాత్రి భోజనమైన పిమ్మట గట్టిగానే వాదింతురు. వాదము ముగిసినంతనే యిరువురును ఒకే కాలువ నీటికి మడవ త్రిప్పుటకు పోవుదురు.

కావున పెద్దలారా, ఊరిలో నిట్టి తగవు వచ్చినపుడు మొదట విచారింపుడు: భయపెట్టిరా, ఆశపెట్టిరా? అట్లయినచో అది తప్పని నిస్సంకోచముగా చెప్పుడు. రెండును కానిచో, ఆ మనుష్యుని మనసు వానికి విడిచి, నీరు, నిప్పు, పెండ్లి, చావు అను నాలుగింటిని మాత్రము తెగనీయకుడు. చుట్టరికము తెగిన యూరిలో ఏ మతమును నిలువదు. చుట్టరికము నిలిచిన యూరిలో ఎవరి దేవునికిని లోటు రాదు.

సెలవు.